ఉత్సాహం సంగతి తర్వాత, ముందు భిన్నాల సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. ఆరో తరగతి దాకా లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవి. పోయినేడాది నుంచి లెక్కల పుస్తకం తీయమంటే చాలు, మొహం ముడుచుకుంటున్నాడు. సైన్సూ అంతే, పరీక్ష ముందు రోజు బట్టీ పట్టి రాసి వస్తాడు. వాళ్ళక్క రెండింట్లోనూ ఎప్పుడూ ముందే. వీడేమో ‘నాకు లెక్కలు రావు, నాన్నకి కూడా వచ్చేవి కాదుగా’ అంటాడు. మార్కులు తెస్తే సైకిల్ కొనిపెడతామన్నాం. రెండు వారాలు కుదురుగా కూర్చున్నాడు, తర్వాత మళ్ళీ మామూలే. ‘ఈ ఎక్స్‌లూ వైలూ పెద్దయ్యాక ఎక్కడ పనికొస్తాయమ్మా?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ట్యూషన్ పెట్టించాలా? వాడిలో ఉత్సాహం పుట్టించడం ఎలా? – ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం ‘ఆరో తరగతి దాకా మంచి మార్కులే వచ్చేవి’ అన్నది. లెక్కలంటే మొదట్నుంచీ పడని పిల్లల సంగతి వేరు, మొన్నటిదాకా చక్కగా చేసి ఉన్నట్టుండి చేతులెత్తేసిన పిల్లల సంగతి వేరు. ఈ రెండో రకం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, చాలాసార్లు ఎక్కడో ఒకచోట పాఠం అర్థం కావడం ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన పాఠాలన్నీ దాని మీద ఆధారపడ్డవే కాబట్టి ఏదీ తలకెక్కదు. బయటికి మాత్రం అది బద్ధకంలాగే కనిపిస్తుంది. ‘నాకు అర్థం కావట్లేదు’ అని ఒప్పుకోవడం 13 ఏళ్ళ పిల్లాడికి నామోషీ. ‘బోరు కొడుతోంది’ అంటే ఆ బాధ లేదు.

అందుకే ఉత్సాహం పుట్టించడం గురించి మీరడిగిన దాన్ని కాసేపు పక్కన పెడుతున్నాను. ముందు ఉత్సాహం వచ్చి, దాని వెనకాల లెక్కలు వచ్చిన పిల్లల్ని నేను పెద్దగా చూడలేదు. నాలుగు లెక్కలు వరసగా కుదిరాక, ఐదోది తనంతట తనే మొదలుపెట్టిన పిల్లల్ని మాత్రం చాలామందిని చూశాను.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లల మీద ఎంత బరువు పడుతుందో పెద్దవాళ్ళం మర్చిపోతాం. అప్పటిదాకా సంఖ్య అంటే లెక్కపెట్టడానికి వీలైనది. ఇప్పుడు భిన్నాలతో కూడికలు, తీసివేతలు వస్తాయి. సున్నా కంటే తక్కువ సంఖ్యలు వస్తాయి. ఆ వెంటనే అంకెల చోట అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఒకటి జీర్ణం కాకముందే ఇంకొకటి. సైన్సులో కూడా సరిగ్గా అప్పుడే సాంద్రత, వేగం, పీడనం మొదలవుతాయి. ఇవన్నీ లోపల భాగహారాలే. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత. భాగించడం అంటే ఏం జరుగుతోందో మనసుకి పట్టని పిల్లాడికి అదొక రెండు లైన్ల నిర్వచనం, అంతే. నిర్వచనాన్ని బట్టీ పట్టక ఇంకేం చేస్తాడు? మీవాడికి రెండు సబ్జెక్టులూ ఒకేసారి దెబ్బతినడంలో ఆశ్చర్యమేమీ లేదు. జబ్బు ఒకటే అయి ఉండొచ్చు.

నేను ఊరికే భిన్నాల మీద పడలేదు. రాబర్ట్ సీగ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో కలిసి అమెరికా, బ్రిటన్ పిల్లల ఏళ్ళ తరబడి రికార్డులు పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. పదేళ్ళ వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చో చూస్తే, ఆ పిల్లలు హైస్కూల్లో లెక్కల్లో ఎలా ఉంటారో చాలావరకు చెప్పొచ్చని తేలింది. పిల్లల తెలివితేటలు, ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది.

ఇంతకీ మీవాడు ఎక్కడ ఆగాడో తెలుసుకోవాలి. ఈ నాలుగూ అడిగి చూడండి. పరీక్షలా కాదు, వాడు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, ఒక కాగితం మీద. 1/2కి 1/3 కలిపితే ఎంత? 0.35, 0.4 – వీటిలో ఏది పెద్దది? 5లోంచి (3 – 8)ని తీసేస్తే ఎంత? 3ఎక్స్ = 12 అయితే ఎక్స్ ఎంత? జవాబు తప్పయినా మీ మొహంలో ఏమీ కనిపించనివ్వకండి. ‘ఎలా వచ్చిందో చెప్పు’ అని మాత్రం అడగండి. జవాబు సరైనదైనా అదే అడగండి, లేకపోతే ‘ఎలా వచ్చింది’ అంటే తప్పు చేశానని అర్థం అనుకుంటాడు.

మొదటిదానికి 2/5 అన్నాడనుకోండి. పైవి పైవి, కిందవి కిందవి కలిపేశాడు. ‘తప్పు, క.సా.గు. తీయాలి’ అనేయకండి. ‘2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?’ అని అడగండి. తక్కువ అంటాడు. ‘సగానికి ఇంకొంచెం కలిపాం కదా, మరి సగం కంటే తగ్గిందేంటి?’ అనండి. అక్కడ పిల్లాడు ఆగిపోతాడు. ఆ ఆగడమే మనకి కావాల్సింది, ఆ నిమిషంలో మీరు నోరు విప్పకండి. తర్వాత గళ్ళ కాగితం మీద 12 గడుల పట్టీ ఒకటి గీయమనండి. అందులో సగం 6 గడులు, మూడో వంతు 4 గడులు, మొత్తం 10. అంటే 12లో 10, అంటే 5/6. క.సా.గు. ఎందుకు తీస్తారో అప్పుడు కంటికి కనిపిస్తుంది. రెండు భిన్నాల్నీ ఒకే సైజు గడుల్లోకి మార్చడానికి అంతే, అందులో ఇంకే రహస్యమూ లేదు.

రెండోదానికి చాలామంది పిల్లలు 0.35 పెద్దది అంటారు, 4 కంటే 35 పెద్దది కాబట్టి. మూడోదానికి 10 రావాలి. మైనస్ 6 అనో, సున్నా అనో వస్తే రుణసంఖ్యల దగ్గర ఇంకా పని ఉన్నట్టు. నాలుగోది మాత్రం భలే లెక్క. ఎక్స్ 9 అన్నాడంటే, ‘అటు పక్కకి పంపితే గుర్తు మారుతుంది’ అన్న ముక్క ఒక్కటే పట్టుకుని 12లోంచి 3 తీసేశాడన్నమాట. సరిదిద్దకుండా, ‘ఆ తొమ్మిదిని మళ్ళీ లెక్కలో పెట్టి చూడు’ అనండి. మూడు తొమ్ములు ఇరవయ్యేడు. పన్నెండు రాలేదు. తప్పని వాడికి వాడే చెప్పుకున్నాడు, అమ్మ చెప్పలేదు, టీచర్ చెప్పలేదు. లెక్కల్లో ఉన్న ఈ సౌకర్యం వేరే సబ్జెక్టుల్లో చాలావాటికి లేదు. ఇంకొకరు టిక్కు పెట్టేదాకా ఆగక్కర్లేదు. ప్రతి మాటకీ ఎదురు చెప్పాలనిపించే ఈ వయసు పిల్లలకి ఇది ఎంత నచ్చుతుందో ఒకసారి రుచి చూపించి చూడండి.

రెండు మూడు చోట్ల తడబడితే ఐదు, ఆరు తరగతుల పుస్తకాలు మళ్ళీ తీయక తప్పదు. అయితే ఎనిమిదో తరగతి పిల్లాడి ముందు ఐదో తరగతి పుస్తకం పెట్టడం అంత తేలికేం కాదు. అవమానంగా ఉంటుంది. దీనికొక దారి ఉంది. లెక్కలు వాడిచేత చేయించకండి, దిద్దించండి. ఒక కాగితం మీద ఆరు లెక్కలు చేసి, వాటిలో మూడు కావాలని తప్పు చేసి, ఎర్ర పెన్ను వాడి చేతికివ్వండి. ‘ఎక్కడ తప్పు, ఎందుకు తప్పు?’ ఎందుకు అన్నదే ముఖ్యం. మంది లెక్కల్లో తప్పులు పట్టడమంటే పిల్లలకి అదో సరదా. మీకు లెక్కలు తయారు చేయడం రాకపోతే వాడి పాత నోట్సుల్లోంచి తీసుకోండి. రోజూ 20 నిమిషాలు, అంతకు మించొద్దు. ఆదివారం నాలుగు గంటలు కూర్చోబెట్టడం కంటే ఇదే నయం.

ట్యూషన్ గురించి అడిగారు. స్కూల్లో జరుగుతున్న పాఠాన్నే, అదే వేగంతో, సాయంత్రం ఇంకోసారి చెప్పే ట్యూషనయితే డబ్బు దండగ. ఒకసారి అర్థం కాని పాఠాన్ని రెండుసార్లు వింటాడు, తనకి లెక్కలు రావన్న నమ్మకం రెండింతలవుతుంది. వెనక్కి వెళ్ళి, వాడు ఆగిన చోటి నుంచి ఎత్తుకుని చెప్పే ఓపికున్న మనిషి దొరికితే తప్పకుండా పెట్టించండి. స్కూల్లో లెక్కల టీచర్‌ని కలిసినప్పుడు కూడా ‘మావాడు ఎలా చదువుతున్నాడండీ’ అని అడక్కండి. దానికి ‘ఇంకా శ్రద్ధ పెట్టాలండీ’ తప్ప వేరే జవాబు రాదు. ‘పరీక్ష పేపర్లో ఏ రకం లెక్కలు అసలు ముట్టుకోకుండా వదిలేస్తున్నాడు?’ అని అడగండి. పాత ఆన్సర్ షీట్లు దొరికితే చూడండి. తప్పు చేసిన లెక్కల కంటే ఖాళీగా వదిలేసిన లెక్కలే మీకు ఎక్కువ చెబుతాయి.

ఇక ‘నాన్నకి కూడా వచ్చేవి కాదుగా’ సంగతి. ఆ మాట వాడి సొంతం కాదు, ఇంట్లో ఎప్పుడో విన్నదే. పెద్దవాళ్ళు సరదాకి అనుకుంటారు, పిల్లలు దాన్ని వంశపారంపర్య ఆస్తిలా దాచుకుంటారు. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లలపై చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్ చేయించిన పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్ళలో భయం కూడా పెరిగింది. అలాంటి తల్లిదండ్రులే హోంవర్క్‌లో పెద్దగా తలదూర్చని చోట ఈ తేడా కనిపించలేదు. వాళ్ళు మీవాడి కంటే చిన్న పిల్లలు, నిజమే. కానీ చెప్పేవాళ్ళ గొంతులో చిరాకు, కంగారు పిల్లలకి ఏ వయసులోనైనా అందుతాయి. కాబట్టి వాళ్ళ నాన్న లెక్కలు చెప్పక్కర్లేదు. పక్కన కూర్చుని, ‘ఇది నాకు అప్పుడు సరిగ్గా పట్టలేదురా, నువ్వు చెప్పు చూద్దాం’ అంటే చాలు. ‘నాకు రావు’ అనడానికీ ‘నాకు అప్పుడు పట్టలేదు’ అనడానికీ వాడు తేడా కనిపెడతాడు.

గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ 1936లో మొదలైతే, దాన్ని మొట్టమొదటిసారి ఒక మహిళ అందుకున్నది 2014లో. ఆవిడ ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ. ఇంచుమించు మీవాడి వయసులో ఆవిడ లెక్కల్లో వెనకబడ్డారు. ఈ అమ్మాయిలో ప్రత్యేకంగా ఏమీ లేదని అప్పటి టీచర్ అనుకున్నారు, ఆవిడకీ లెక్కల మీద ఆసక్తి పోయింది. మరుసటేడు ప్రోత్సహించే టీచర్ దొరికారు, మళ్ళీ అందుకున్నారు. 1994లోనూ 1995లోనూ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు గెలిచారు. ఇది మీకోసం చెబుతున్నాను. దయచేసి భోజనాల దగ్గర వాడికి నీతికథలా వినిపించకండి. ‘చూశావా, ఆవిడ ఎలా సాధించిందో’ అన్న మాటతో ఎంత మంచి కథైనా చచ్చిపోతుంది.

అక్కతో పోలిక గురించి ఎక్కువ రాయను. మానెయ్యండి, అంతే. నోటితో అనకపోయినా, ఆమె మార్కులు చూసి మీ మొహం వెలిగే తీరూ వాడివి చూసి నిట్టూర్చే తీరూ పోలికే. ఆమె చేత వాడికి పాఠాలు చెప్పించాలన్న ఆలోచన కూడా ప్రస్తుతానికి వద్దు.

పొగడ్తలో కూడా కాస్త జాగ్రత్త. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. కొన్ని తేలిక పజిల్స్ చేయించాక కొందరిని ‘నువ్వు తెలివైనవాడివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. ఆ పైన మళ్ళీ తేలికవి ఇస్తే, తెలివైనవాళ్ళని అనిపించుకున్న పిల్లలు ముందుకంటే తక్కువ చేశారు. తమ మార్కులు పెంచి చెప్పుకున్నవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. మీవాడు ఆరో తరగతి దాకా ‘మావాడు లెక్కల్లో చురుకు’ అన్న మాట వింటూ పెరిగి ఉంటే, మొదటిసారి లెక్క రానప్పుడు ఆ చురుకుదనం ఏమైపోయిందోనని కంగారు పడి ఉంటాడు. అలాగని ‘కష్టపడితే ఏదైనా సాధ్యమే’ లాంటి పోస్టర్ మాటల మీద నాకు నమ్మకం లేదు. 2019లో పన్నెండు వేల మంది పైచిలుకు విద్యార్థులతో జరిగిన ప్రయోగంలో తెలివి ప్రయత్నంతో పెరుగుతుందని నేర్పే పాఠం వల్ల వెనకబడ్డ పిల్లల గ్రేడ్లు పెరిగాయి గానీ, పెరిగింది కొంచెమే. నిజంగా పనిచేసే మెచ్చుకోలు చేసిన పనిని పట్టుకుని ఉంటుంది: ‘జవాబుని మళ్ళీ లెక్కలో పెట్టి చూసుకున్నావు, అది బాగుంది.’ అంతకు మించి అక్కర్లేదు.

సైకిల్ బేరం ఎందుకు రెండు వారాలే పనిచేసిందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కూర్చోగలడు, కూర్చున్నాడు. కూర్చున్నా లెక్క రాలేదు. లంచం పిల్లాణ్ణి బల్ల దాకా తేగలదు, అంతవరకే. దానికితోడు ఇష్టంగా చేసే పనికి కూడా ముందే బహుమతి ఆశ చూపిస్తే ఆ ఇష్టం తగ్గుతుందని 1973లోనే మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెపర్ బృందం చిన్న పిల్లల బొమ్మలేసే సరదా మీద ప్రయోగం చేసి చూపించింది. సైకిల్ ఎలాగూ కొనాలనుకుంటే కొనేయండి. మార్కులతో ముడి తీసేసి కొనండి.

‘ఎక్కడ పనికొస్తాయమ్మా’ అన్నదానికి జవాబు లేదని బాధపడకండి. అది సగం ప్రశ్న, సగం మూలుగు. ఇంజనీరు అవ్వాలంటే కావాలి, పోటీ పరీక్షల్లో వస్తాయి లాంటి జవాబులు 13 ఏళ్ళ పిల్లాడికి వచ్చే జన్మ సంగతుల్లా ఉంటాయి. ఎక్స్‌లూ వైలూ రోజూ వాడతావని అబద్ధం కూడా చెప్పకండి. చుట్టూ పెద్దవాళ్ళెవరూ వాడకపోవడం వాడు చూస్తూనే ఉన్నాడు. జవాబు చెప్పే బదులు ఒక సాయంత్రం ఇది చేసి చూడండి.

గట్టి దారం ఒకటి, దాని చివర కట్టడానికి బరువైన నట్టు ఒకటి, స్కేలో టేపో, ఫోన్‌లో స్టాప్‌వాచ్. తలుపు పైకమ్మీకి దారం కట్టి నట్టు వేలాడదీయండి. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి. కొద్దిగా పక్కకి లాగి వదలండి, మరీ వెడల్పుగా ఊపొద్దు. అటు వెళ్ళి ఇటు వస్తే ఒకటి. అలా 20 ఊపులకి ఎంతసేపు పట్టిందో చూడమనండి. ఇంచుమించు 40 సెకన్లు వస్తుంది. ఇప్పుడు ఒక నట్టు బదులు రెండు కడితే? ముందు వాణ్ణి ఊహించి కాగితం మీద రాయమనండి, రాశాకే చేయాలి. బరువు పెరిగింది కాబట్టి తొందరగా ఊగుతుందని రాస్తాడేమో. మళ్ళీ 40 సెకన్లే వస్తుంది.

అసలు తమాషా తర్వాత ఉంది. పొడవు 25 సెంటీమీటర్లకి, అంటే నాలుగో వంతుకి తగ్గిస్తే ఎంత పడుతుంది? చాలామంది 10 సెకన్లు అంటారు. వచ్చేది 20. నాలుగో వంతు చేస్తే సగమే తగ్గింది. సరే, 25కీ 100కీ మధ్యలో 50 పెడితే? 30 అని రాస్తే రాయనివ్వండి. స్టాప్‌వాచ్ 28 చూపిస్తుంది. ఈ 28 ఎక్కడి నుంచి ఊడిపడిందని అడగండి. పొడవు రెండింతలయింది, సమయం 20 నుంచి 28 అయింది. 28ని 20తో భాగిస్తే 1.4. ఆ 1.4ని దానితోనే గుణిస్తే దాదాపు 2. వర్గమూలం అని పుస్తకంలో చదివి విసుక్కున్నది దారం కట్టిన తలుపు దగ్గర బయటపడింది. 75 సెంటీమీటర్లకి ఎంత వస్తుందో ఇప్పుడు కాగితం మీద లెక్కకట్టి, తర్వాత ఊపి చూడమనండి. 35 దగ్గర రావాలి. తను వేసిన లెక్క ప్రకారం నట్టు ఊగడం చూసిన పిల్లాడు ఎక్స్ దేనికని కొన్నాళ్ళు అడగడు.

లోలకం మీద గెలీలియో పడ్డ శ్రమ, 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ తయారుచేసిన లోలకపు గడియారం, ఇవన్నీ వాడు అడిగితే చెప్పండి. అడక్కపోతే వదిలేయండి. ఖరీదైన సైన్స్ కిట్లు నేనైతే కొనను. వీడియోలు కూడా అంతే: ఏం జరుగుతుందో ముందే ఊహించే పని లేకుండా చూస్తే వినోదంగా మిగిలిపోతాయి. ఊహ తప్పినప్పుడే ‘ఎందుకు’ అన్న మాట లోపల్నుంచి వస్తుంది.

చదివే తీరు కూడా కొంచెం మార్చాలి. పరీక్ష ముందు రోజు నోట్సు నాలుగుసార్లు చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే నెగ్గారు. వారం తర్వాత పెడితే, చదివి పుస్తకం మూసేసి గుర్తున్నది రాసుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. సైన్సు పాఠం అయ్యాక పుస్తకం మూసి, ఒక తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయమనండి, బొమ్మలతో సహా. లెక్కల్లో ఒకే రకం లెక్కలు ఇరవై చేసే బదులు మూడు అధ్యాయాల్లోంచి కలిపి ఎనిమిది చేస్తే మేలు. ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడం కూడా లెక్కలో భాగమే కదా.

ఇంకో రెండు చిన్న సంగతులు. కళ్ళు పరీక్ష చేయించండి. దూరపు చూపు తగ్గడం ఈ వయసులో మామూలే, బోర్డు మీద మైనస్ కనిపించక ప్లస్ చేసే పిల్లలు ఉంటారు. రెండోది నిద్ర. టీనేజీ పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలంటారు నిద్ర వైద్యులు. రాత్రి పదిన్నరకి లెక్కల పుస్తకం ముందు యుద్ధం చేస్తున్నట్టయితే ఆ రోజుకి పుస్తకం మూసేయండి.

వచ్చే పరీక్షలో మార్కులు పెరుగుతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. వాడు వెనక తరగతుల అప్పు తీరుస్తుంటే, క్లాసులో కొత్త అధ్యాయాలు నడుస్తూనే ఉంటాయి. మూడు నాలుగు నెలల దాకా రిపోర్టు కార్డులో తేడా కనిపించకపోవచ్చు. ఈలోగా మీరు చూడాల్సింది ఆన్సర్ షీట్లో ఖాళీగా వదిలేసిన లెక్కల సంఖ్య. అది తగ్గి, వాటి చోట తప్పు జవాబులు కనిపించాయనుకోండి, మార్కులు అవే ఉన్నా పని జరుగుతున్నట్టే. ఆ రోజు వాడి మీద కేకలేయకండి.